అడ్డకోత ముఖం: నునుపు ఒక పని, మూత ఇంకొక పని

ఎర్ర ఓక్ కర్రను జానెడు పొడవున కోసి, ఒక కొసను సబ్బు నీళ్ళలో ముంచి, రెండో కొసకు నోరు ఆనించి ఊదితే నీళ్ళలో బుడగలు లేస్తాయి. తెల్ల ఓక్ చేవతో అదే పని చేస్తే గాలి సాగదు. చూపుకు అన్నదమ్ముల్లా ఉండే ఈ రెండు కలపల్లో తెల్ల ఓక్ మాత్రమే ద్రవాలు నిలవ చేసే పీపాలకు పనికిరావడానికి ఇది ముఖ్య కారణం. చెట్టు బతికున్నప్పుడు వేళ్ళ నుంచి ఆకులకు నీరు మోసిన దారునాళాలు ఎర్ర ఓక్‌లో తెరుచుకునే ఉండిపోతాయి. తెల్ల ఓక్ చేవలో వాటిని టైలోసులు అనే బుడగల్లాంటి పెరుగుదలలు లోపలి నుంచి పూడ్చేస్తాయి.

కలప కొసను నునుపు చేయడం గురించి, దానికి మూత వేయడం గురించి ఏ చర్చ మొదలుపెట్టినా ఈ బుడగల దగ్గర మొదలుపెట్టడం మంచిది. నారకు అడ్డంగా రంపం నడిచినప్పుడు బయటపడే ముఖాన్ని, అంటే వడ్రంగి పనిలో ఎండ్ గ్రెయిన్ అని కూడా పిలిచే అడ్డకోత ముఖాన్ని, చాలామంది పలక పైముఖం కన్నా కాస్త గరుకైన మరో ముఖంగా మాత్రమే చూస్తారు. అది గొట్టాల కట్టకు కోసిన మూతి. గడ్డిమోపును పక్క నుంచి తడిమితే చేతికి తగిలేది కాడల ఒళ్ళు. కోసిన వైపు నుంచి చూస్తే కనిపించేది కాడల నోళ్ళు. పైన్ వంటి సూదాకు చెట్ల కలపలో ఒక్కో దారుకణం సుమారు 3, 4 మిల్లీమీటర్ల పొడవు, 30 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఓక్‌లో వసంతకాలపు నాళాల వెడల్పు 200 నుంచి 300 మైక్రాన్ల వరకు ఉంటుంది, కాబట్టి నేరుగా కంటికే కనిపిస్తాయి. మేపుల్‌లో నాళాలు ఇంతకన్నా చిన్నవి, ఏటా పెరిగే వలయం అంతటా సమంగా చెదిరి ఉంటాయి. ఏ కలపలోనైనా తేమ నార వెంబడి నడిచే వేగం, నారకు అడ్డంగా నడిచే వేగం కన్నా పది, పదిహేను రెట్లు ఎక్కువ.

ఈ నిర్మాణం నుంచి రెండు వేర్వేరు సమస్యలు పుడతాయి. మొదటిది గీతలు, చీలిన నార, అంటే ఆకారానికి సంబంధించినది. రెండోది పీల్చుకోవడం, అంటే నాళాలకు సంబంధించినది. ఉప్పుకాగితం మొదటిదానికి మందు. సీలర్, అంటే గొట్టాల నోళ్ళకు మూతలా వేసే పూత, రెండోదానికి మందు. కొస పాడైన పనిముక్కల్లో చాలావాటికి మూలం ఒకదాని మందు రెండోదానికి వాడటమే: పీల్చుకోవడం ఆగాలని ఇంకా ఇంకా సన్నని కాగితంతో రుద్దడం, లేదా గీతలు మాయం కావాలని సీలర్ మీద సీలర్ పూయడం.

గీతల సంగతి ముందు చూడాలి. నిజానికి అది ఉప్పుకాగితం చేతికి రాకముందే, రంపం దగ్గర మొదలవుతుంది. మొండి రంపం నారను కోయదు, వంచి తెంపుతుంది. తెగిన చోట నార పోగులు ఉపరితలం కన్నా లోతుకు చీలి, చిన్న చిన్న గుంటలు మిగులుతాయి. ఆ గుంటల అడుగు వరకు కలపను తీసేస్తే తప్ప అవి పోవు. ఆ పని ఉప్పుకాగితంతో చేయబోతే గంటలు గడుస్తాయి, అంచులు గుండ్రబడతాయి, కొస చదును పోతుంది. పదునైన చిత్రికతో నాలుగైదు సన్నని పొరలు తీస్తే చాలు. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలున కలపను తాకుతుంది. తక్కువ వాలు చిత్రికలో బ్లేడు ఆనే పడక 12 డిగ్రీలు, బ్లేడు సాన 25 డిగ్రీలు, మొత్తం 37 డిగ్రీలు. నిలువుగా నిలబడ్డ నారను తెంచకుండా కోయడానికి ఆ తేడా బాగా ఉపయోగపడుతుంది. అయితే వాలు కన్నా పదును ముఖ్యం. చక్కగా సాన పట్టిన మామూలు చిత్రిక, సాన పోయిన తక్కువ వాలు చిత్రిక కన్నా ఎప్పుడూ మేలు. కొసను కాస్త స్పిరిట్‌తో తడిపితే నార మెత్తబడి కోత ఇంకా శుభ్రంగా వస్తుంది.

చిత్రిక అవతలి అంచును చేరే క్షణంలో అక్కడి నారకు వెనక ఆధారం ఉండదు, కాబట్టి అది పెళ్ళగా ఊడిపోతుంది. వెనక ఒక దన్ను చెక్క బిగించడం, రెండు అంచుల నుంచి మధ్యకు తోయడం, అవతలి మూలను ముందే వాలుగా చెక్కి ఉంచడం, వీటిలో ఏదైనా సరిపోతుంది. వీటన్నిటి కన్నా తేలికైన జాగ్రత్త పని వరస: కొసలు ముందు, పక్కలు తరవాత. కొస పనిలో ఊడిన చిన్న పెళ్ళ పక్క అంచును చిత్రిక పట్టేటప్పుడు దానంతట అదే పోతుంది. ఈ వరస సీలర్ విషయంలోనూ మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఉప్పుకాగితం. పైముఖాన్ని నార వెంబడి రుద్దినప్పుడు పడే గీతలు నార గీతల్లో కలిసిపోతాయి, కన్ను వాటిని పట్టుకోలేదు. అడ్డకోత ముఖం మీద ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అక్కడ నారకు సమాంతరమైన దిశ అంటూ ఉండదు. ఏ వైపు రుద్దినా ప్రతి గీతా నార కొసలను అడ్డంగా కోస్తూనే పోతుంది. పైముఖాన 120 నంబరు కాగితం గీతలు కనిపించకపోయినా కొసన కొట్టొచ్చినట్టు కనిపించడానికి కారణం ఇదే. పైగా నిలబెట్టిన గుంజల్లా ఉండే నార కొసలు గట్టివి. కాగితం నెమ్మదిగా తింటుంది. ఓపిక తగ్గి ఎక్కువ ఒత్తిడి పెడితే వేడి పుట్టి కలప మాడుతుంది, అరిగిన కాగితమైతే నారను కోయకుండా నలిపి మెరుగు పెడుతుంది.

నంబరు పెరిగే కొద్దీ కాగితం సన్నబడుతుంది. ఈ గ్రిట్ నంబర్ల వెనక ఉన్న కొలతలు తెలిస్తే చాలా అపోహలు తొలగిపోతాయి. ఐరోపా ‘పి’ ప్రమాణం ప్రకారం 80 నంబరు కాగితం మీద రేణువు సగటున 200 మైక్రాన్లు ఉంటుంది. 120లో 125 మైక్రాన్లు, 180లో 82, 240లో సుమారు 58, 320లో 46, 400లో 35. అంటే 320 నంబరు రేణువు కూడా పైన్ దారుకణం కన్నా వెడల్పైనదే, ఓక్ నాళం కన్నా మాత్రం ఎంతో చిన్నది. ఏ నంబరు కాగితంతో ఎంతసేపు రుద్దినా 300 మైక్రాన్ల గొట్టం మూసుకుపోదు. అది మూసుకున్నట్టు కనిపిస్తే లోపల నిండినది పొడి. మొదటి పూత తగలగానే ఆ పొడి తడిసి కుంగిపోతుంది, గొట్టం మళ్ళీ నోరు తెరుస్తుంది. సీలర్‌కు ముందు కొసను కుంచెతో, వీలైతే వాక్యూమ్‌తో గట్టిగా దులపాలనడం అందుకే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పైముఖం కన్నా రెండు మెట్లు సన్నని కాగితంతో కొసను ముగిస్తే రంగు కాస్త లేతగా పడుతుందన్న మాటలో సత్యం ఉంది. వర్ణక రేణువులు ఉన్న స్టెయిన్, అంటే కలపకు రంగు పట్టించే ద్రవం, గీతల్లో, గరుకులో చిక్కుకుని ముదురుతుంది. గీతలు సన్నబడితే చిక్కుకునే చోటు తగ్గుతుంది. కాబట్టి పైముఖాన్ని 180 దగ్గర ఆపి, కొసను 240కి, ఆ పైన 320కి తీసుకువెళ్ళడం మంచి అలవాటే. అది పీల్చుకోవడాన్ని ఆపుతుందని నమ్మడమే పొరపాటు. నూనెకు, నీటిలో కరిగే రంగుకు, తేమకు ఆ మెరుగు అడ్డం కాదు.

రుద్దే తీరులో రెండు మూడు జాగ్రత్తలు పెద్ద తేడా తెస్తాయి. కాగితం వెనక గట్టి చదును దిమ్మె ఉండాలి. పైన్‌లో వసంతకాలపు మెత్తని పొర, వేసవికాలపు గట్టి పొర ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మెత్తని దిండు వాడితే మెత్తని పొర ముందు అరిగి, కొస దువ్వెన గీసినట్టు ఎగుడుదిగుడుగా మారుతుంది. ఒక్కో నంబరుతో ఒకే దిశలో రుద్ది, నంబరు మార్చినప్పుడు దిశను అడ్డంగా తిప్పితే, పాత గీతలు పూర్తిగా పోయాయో లేదో తేలిగ్గా తెలుస్తుంది. 80 నుంచి నేరుగా 180కి గెంతకూడదు. 80 వదిలిన లోతు గీతను 180 తొలగించలేదు, దాని గట్లను మాత్రమే నునుపు చేసి దాచిపెడుతుంది. రంగు పడ్డాక ఆ గీత నల్లటి దారంలా బయటపడుతుంది. పని సరిగ్గా వచ్చిందా అని చూడటానికి పక్కనుంచి వాలుగా పడే వెలుతురు కావాలి, పై దీపం చాలదు. ఒకసారి స్పిరిట్‌తో తుడిస్తే దాగిన గీతలన్నీ కొన్ని క్షణాలపాటు కనిపిస్తాయి. కలప ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కొసను రుద్దినప్పుడు వచ్చే పొడి మరీ సన్నం. ముక్కుకు అడ్డం లేకుండా ఈ పని చేయకూడదు.

నునుపు అయ్యాక కూడా కొస ఎందుకు నల్లబడుతుంది? ఎక్కువ రంగు తాగుతుంది కాబట్టి అన్నది సగం జవాబే. ఏ రంగూ లేని నూనె పూసినా, మంచినీళ్ళు తగిలినా అది ముదురుతుంది. ఎండిన కలప లేతగా కనిపించడానికి కారణం కణాల గోడలకు, వాటి లోపలి గాలికి మధ్య కాంతి పదే పదే చెదిరి కంటి వైపు తిరిగి రావడం. గాలి ఉన్న చోటికి నూనె చేరితే, నూనె కాంతిని వంచే తీరు, కణం గోడ వంచే తీరు దగ్గర దగ్గరగా ఉంటాయి. చెదరడం తగ్గుతుంది, కాంతి లోపలికి దిగిపోతుంది, వెనక్కు వచ్చేది కొంచెమే. అడ్డకోత ముఖంలో గొట్టాలు నేరుగా చూపు వైపే తెరుచుకుని ఉంటాయి కాబట్టి నూనె లోతుగా దిగుతుంది, కాంతి కూడా ఆ బావుల్లోనే మిగిలిపోతుంది. ఇది తెలిస్తే సీలర్ నుంచి ఏం ఆశించాలో స్పష్టమవుతుంది: లోతుకు దిగే ద్రవాన్ని పైనే ఆపడం. కొసను పూర్తిగా పైముఖం రంగులోకి తేవడం దాని వల్ల కాదు. కాస్త ముదురుగా ఉన్న కొస కలప సహజ లక్షణం, దాన్ని లోపంగా చూడనవసరం లేదు. మరకలు మరకలుగా, ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా ఉన్న కొసే లోపం.

రంగుకు ముందు వేసే మూతల్లో లక్క ద్రావణం అన్నిటికన్నా నమ్మదగినది. లక్క పురుగు స్రవించే జిగటను శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగిస్తే వచ్చేది ఇది. లీటరు స్పిరిట్‌కు సుమారు 120 గ్రాముల లక్క అంటే పల్చని ద్రావణం, కొసకు సరిగ్గా సరిపోతుంది. పైన పాలియురేథేన్ వార్నిష్ వేసే ఉద్దేశం ఉంటే మైనం తీసిన లక్కే వాడాలి, మైనం ఉన్న లక్క మీద ఆ వార్నిష్ సరిగా అంటుకోదు. మొదటి పూత నిమిషాల్లో కనిపించకుండా పోతుంది. అది తప్పు జరిగిందనడానికి గుర్తు కాదు, గొట్టాలు తాగుతున్నాయనడానికి గుర్తు. రెండో పూతకు అక్కడక్కడా మెరుపు నిలుస్తుంది. ముఖమంతటా ఒకే రకమైన సన్నని మెరుపు నిలిచినప్పుడు ఆపాలి. చిక్కని పూత ఒకటి వేసి సరిపెట్టుకుందామనుకుంటే అది నోటి దగ్గరే పొరగా గడ్డకడుతుంది, పలుచని పూతలు లోపలికి దిగి గోడలకు పట్టుకుంటాయి. ఎండాక 320 లేదా 400 కాగితంతో తేలిగ్గా ఒకసారి తాకితే ఉపరితలం మీది మిగులు పోయి, గొట్టాల్లోని మూత మిగులుతుంది. స్టెయిన్ వేయడానికి కావలసిన స్థితి అదే.

తెల్ల జిగురును నీళ్ళలో పల్చగా కలిపి, ఒక పాలు జిగురుకు ఐదు నుంచి పది పాళ్ళ నీళ్ళు, సీలర్‌గా పూయడం పాత పద్ధతి, చవకైనది కూడా. దాని ఇబ్బంది ఏమిటంటే పైన మిగిలిన జిగురును బాగా రుద్ది తీయకపోతే అక్కడ రంగు పట్టనే పట్టదు. కలప సామానుకు దొరికే శాండింగ్ సీలర్ త్వరగా రుద్దడానికి అనువుగా తయారైనది, బయటి వానకు తట్టుకోవడానికి కాదు.

సీలర్ పైముఖం మీదికి ఒలికితే స్టెయిన్ వేశాక అంచు వెంట పాలిపోయిన పట్టీ కనిపిస్తుంది. టేపు అంటించినా కలప లోపలి నుంచి ద్రవం టేపు కిందికి పాకుతుంది. ముందు చెప్పిన వరసే ఇక్కడ మందు: కొసకు సీలర్ పూర్తిచేసి, తరవాత పైముఖానికి చివరి చిత్రికో, చివరి కాగితమో పట్టాలి. ఒలికినదంతా దానితో పోతుంది. సీలర్ మరీ ఎక్కువైతే కొస పైముఖం కన్నా లేతగా మారే ప్రమాదం ఉంది, అది చూడటానికి ఇంకా అసహజం. అదే పలక నుంచి కోసిన తుంపు మీద, పైముఖమూ కొసా రెండూ ఉన్న తుంపు మీద, మొత్తం వరసను ముందు పరీక్షించాలి. వేరే పలక తుంపు మీద చేసిన పరీక్ష పెద్దగా ఏమీ చెప్పదు. ఇంకో హెచ్చరిక: జిగురుతో అతకవలసిన కొసకు లక్క గానీ వార్నిష్ గానీ తగలకూడదు. అక్కడ పల్చని జిగురే ముందుగా పూసి, కాస్త పీల్చుకున్నాక అసలు జిగురు పూయాలి. లేకపోతే గొట్టాలు జిగురంతా తాగేసి అతుకు ఎండిపోతుంది.

ఇంతవరకు చెప్పినది రంగు కోసం వేసే మూత. తేమ కోసం వేసే మూత వేరే కథ, దాని కొలబద్ద వేరు. పచ్చి కలప ఎండేటప్పుడు, తేమ సుమారు 30 శాతం కన్నా కిందికి దిగాక కలప కుదించుకోవడం మొదలవుతుంది. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి పొడవున తగ్గేది 0.1, 0.2 శాతమే. వలయాలకు అడ్డంగా, చాలా కలపల్లో, 4 శాతం దగ్గర. వలయాల వెంబడి దానికి సుమారు రెట్టింపు. దుంగ కొసలు గొట్టాల మూతులు కాబట్టి ముందు ఎండుతాయి, ముందు కుదించుకుంటాయి. పక్కనే, ఒకటి రెండు అంగుళాల లోపల, కలప ఇంకా ఉబ్బే ఉంటుంది. ఆ లాగులాటలో కొస నడిబొడ్డు నుంచి చీలుతుంది. మైనపు ఎమల్షన్‌ను, అంటే మైనం సన్నని బొట్లుగా కలిసిన నీటిని, దుంగ కోసిన రోజే, రెండు పూతలుగా దట్టంగా వేస్తే కొసల నుంచి తేమ పోవడం నెమ్మదించి, పక్కల నుంచి పోయే వేగంతో కొంత జత కుదురుతుంది. గోడ రంగు వేసి ఊరుకోవడం ఏమీ వేయకపోవడం కన్నా మేలు, కానీ దాని గుండా ఆవిరి సులువుగా దాటుతుంది. చీలిక కనిపించాక వేసిన మూత ఆ చీలికను మాన్పలేదు. చీలిన మేర కోసేసి, మంచి కలప బయటపడ్డాక అప్పుడు పూయాలి.

కూరగాయలు తరిగే అడ్డకోత పలకలకు పొర కట్టే మూత ఏదీ పనికిరాదు. కత్తి అంచు నార పోగుల మధ్యకు దిగి, తీయగానే పోగులు దగ్గరకు చేరుకోవడమే ఆ పలకల గొప్పతనం. వార్నిష్ పొర వేస్తే కత్తి దాన్ని కోస్తుంది, నీరు పొర కిందికి చేరి అక్కడే నిలుస్తుంది. ఆహారానికి తగిన మినరల్ ఆయిల్‌ను తాగినంత తాగనివ్వడం, మిగిలింది తుడిచేయడం ఇక్కడ సరైన పని. ఆ నూనె ఎప్పటికీ గడ్డకట్టదు. నిజానికి అది గొట్టానికి మూత పెట్టదు, నీరు చేరే చోటును తాను ఆక్రమిస్తుంది. కడిగే కొద్దీ పోతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పూయాలి. అవిసె నూనె, టంగ్ నూనె అలా కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే మంటలు అంటుకోవచ్చు. వాటిని విడదీసి ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి. ఈ పలకల విషయంలో మరో ప్రమాదం కూడా ఉంది: చదును కోసం వీటిని మందం తీసే మర చిత్రికలోకి పంపితే వెనక అంచు పగిలి ముక్కలు విసిరివేస్తుంది. ఆలస్యమైనా ముతక కాగితంతో రుద్ది చదును చేయడమే మంచిది.

ఆరుబయట ఉండే కలపలో కుళ్ళు తరచుగా కొసల దగ్గర మొదలవుతుంది. కలపలో తేమ 20 శాతం లోపు ఉంటే కుళ్ళు శిలీంధ్రం పెరగలేదు. నిలువు కొయ్య అడుగు నీటి గుంటలో నిలిస్తే గొట్టాలు ఆ హద్దును చాలా త్వరగా దాటిస్తాయి. పల్చని ఎపాక్సీని (గట్టిపడే రెండు పాళ్ళ రెసిన్‌ను) రెండు మూడు సార్లు తాగించడం ఇక్కడ గట్టి మూత. గట్టి పొరకు ఒక బలహీనత ఉంది: కలప ఉబ్బి కుదించుకుంటూ ఉంటే పొర పగులుతుంది, ఆ పగులు గుండా నీరు లోపలికి వస్తుంది, బయటికి పోయే దారి మాత్రం పొర మూసే ఉంచుతుంది. కాబట్టి ఏ మూత వేసినా, కొస నీటిలో నిలవకుండా దాన్ని కాస్త ఎత్తున నిలపడం, పై కొసలను వాలుగా కోయడం మానకూడదు. ఏ పూతా ఆవిరిని పూర్తిగా ఆపదు, నెమ్మదింపజేస్తుంది అంతే.

వీటన్నిటిలో ఎక్కువగా మరిచిపోయేది తలుపు అడుగు అంచు. నిలువు చట్రపు కర్రల కొసలు అక్కడే నేల వైపు తెరుచుకుని ఉంటాయి. తలుపు ముందూ వెనకా నాలుగు పూతలు వేసి, ఎవరికీ కనిపించదని ఆ అంచును పచ్చిగా వదిలేస్తారు. నేల తుడిచిన ప్రతిసారీ, వాన జల్లు కొట్టిన ప్రతిసారీ నీరు అక్కడి నుంచే పైకి పాకుతుంది, పైన వేసిన వార్నిష్ లోపలి నుంచి ఉబ్బి పొరలుగా లేస్తుంది. తలుపును కీలుకు బిగించక ముందే తలకిందులుగా నిలబెట్టి, ఆ రెండు కొసలను కాగితంతో శుభ్రం చేసి, అవి తాగడం మానేసే వరకు పూయాలి. తలుపు ఇప్పటికే బిగించి ఉంటే అంచు కింద అద్దం ముక్క పెట్టి చూస్తే చాలు, పూత ఉందో లేదో తెలిసిపోతుంది.